ఏడు వేలతో ఊరు దాటేదెవరు?

ఐటీఐ చదివి పాసైన కుర్రాడు ఎక్కడైనా అప్రెంటిస్‌గా చేరితే, 2019 నిబంధనల లెక్కన అతనికి దక్కాల్సిన కనీస స్టైపెండు నెలకు 7,000 రూపాయలు. ఇరవయ్యారు పనిదినాలకు పంచితే రోజుకు 269 రూపాయలు. 2025-26లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉపాధి హామీ పనికి కేంద్రం నిర్ణయించిన రోజు కూలి 307 రూపాయలు. చెరువులో మట్టి తీసే పనిని తక్కువ చేసి ఈ మాట అనడం లేదు. ఆ కూలి కూడా చాలదనే నేను అంటాను. కానీ డ్రాయింగు చదవడం, కొలత తీయడం, లోహాన్ని తిప్పుతూ చెక్కే లేత్ యంత్రం నడపడం నేర్చుకున్న కుర్రాడిని ఊరు వదిలి రమ్మంటున్నాం, నగరంలో అద్దె కట్టుకుంటూ ఏడాదిపాటు పని నేర్చుకోమంటున్నాం. అలా పిలిచి, ఊళ్లోనే ఉంటే వచ్చే కూలికన్నా తక్కువ చేతిలో పెడుతున్నాం. కుర్రాళ్లకు పని నేర్చుకునే ఆసక్తి లేదని సభల్లో పెద్దలు వాపోతుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆసక్తి ఉంది. లేనిది గది అద్దె.

నేను ప్రభుత్వ ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు పిల్లలకు పని నేర్పుతాను. ఫలితాలు వచ్చాక పిల్లలు సర్టిఫికెట్ల కోసం వచ్చినప్పుడు వర్క్‌షాపు గుమ్మం దగ్గర నిలబడి అడిగే ప్రశ్న ఒకటే: "సార్, అప్రెంటిస్‌కి వెళ్లమంటారా?" వెళ్లమనే చెబుతాను. ఎందుకంటే మా దగ్గర నేర్పగలిగింది సగం పనే.

లోహపు ముక్కను గీకి సమతలం చేసే స్క్రేపింగ్ సంగతే చూడండి. ఎత్తుపల్లాల్లేని సర్ఫేస్ ప్లేటు మీద ప్రష్యన్ బ్లూ అనే నీలిరంగు పలుచగా పూసి, దాని మీద ఇనుప ముక్కను మెల్లగా రుద్దితే, ముక్కలో ఎత్తుగా ఉన్న చోట్ల మాత్రమే నీలం అంటుకుంటుంది. ఆ నీలం చుక్కల్ని స్క్రేపర్‌తో గీకాలి. మళ్లీ రుద్దాలి, మళ్లీ గీకాలి. ముక్క నిండా చుక్కలు సమానంగా పరుచుకునేదాకా ఇదే పని. తరగతిలో మేం దీన్ని కొన్నాళ్లు చేయించి తరువాతి అభ్యాసానికి వెళ్లిపోతాం, సిలబస్ ఆగనివ్వదు. అరిగిపోయిన లేత్ బెడ్డును నిజంగా సరిచేసే మేస్త్రి పక్కన నెలల తరబడి నిలబడితేనే ఎంత బలం పెట్టాలో, ఎక్కడ ఆపాలో మణికట్టుకు తెలుస్తుంది. మైక్రోమీటరు మిల్లీమీటరులో నూరోవంతు చూపించగలదు గానీ, ఆ నూరోవంతు తీయడం నేర్పలేదు. అందుకే అప్రెంటిస్‌షిప్ మీద నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే అంటున్నాను: ప్రభుత్వం దీని మీద పెడుతున్న డబ్బు పెట్టాల్సిన చోట పడడం లేదు. నేర్చుకునేవాడి అద్దె దగ్గర, నేర్పే చిన్న షెడ్డు యజమాని దగ్గర పడాల్సిన సొమ్ము పెద్ద కంపెనీల లెక్కల్లో కలిసిపోతోంది.

కాస్త వెనక్కి వెళ్లి చూడాలి. మన అప్రెంటిస్‌ల చట్టం 1961 నాటిది. 2014లో మార్చిన నిబంధనలు స్టైపెండును కనీస వేతనంతో ముడిపెట్టాయి. సెమీ స్కిల్డ్ (కొంతమేర నైపుణ్యం ఉన్న) కార్మికుడికి రాష్ట్రం ప్రకటించిన కనీస వేతనంలో మొదటి ఏడాది 70 శాతం, రెండో ఏడాది 80, మూడో ఏడాది 90 ఇవ్వాలన్నాయి. నేర్చుకుంటున్నవాడు పూర్తి పనివాడు కాడు కాబట్టి కొంత తక్కువ, ఏడాది గడిచేకొద్దీ పనివాడికి దగ్గరవుతాడు కాబట్టి కొంత ఎక్కువ. సబబైన లెక్క. అంతకన్నా ముఖ్యమైన మేలు మరొకటి ఉండేది. కనీస వేతనంలోని కరువు భత్యం ధరలను బట్టి ఆరు నెలలకోసారి మారుతుంది, దానితోపాటు స్టైపెండూ కదిలేది.

2019 సెప్టెంబరులో ఆ ముడి తెంచేశారు. అయిదు నుంచి తొమ్మిదో తరగతి వరకు చదివినవారికి 5,000, పదో తరగతి వారికి 6,000, ఇంటర్, ఐటీఐ వారికి 7,000, డిప్లొమా వారికి 8,000, డిగ్రీ వారికి 9,000 అని స్థిరమైన అంకెలు వేశారు. రెండో ఏడాది పది శాతం, మూడో ఏడాది పదిహేను శాతం పెంపు ఉంటుంది. ఇవి కనీస మొత్తాలే, ఎక్కువ ఇవ్వడానికి ఏ అడ్డూ లేదు, ఇచ్చే సంస్థలు ఉన్నాయి కూడా. కానీ మా పిల్లల చేతికి వచ్చే ఒప్పంద పత్రాల్లో ఎక్కువ భాగం ఆ కనీస అంకె దగ్గరే ఆగుతాయి. 2025 మే నెలలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి ఈ మొత్తాలను 36 శాతం పెంచాలని, అంటే 6,800 నుంచి 12,300 దాకా చేయాలని సిఫార్సు చేసింది. ఆ లెక్కన ఐటీఐ కుర్రాడి ఏడు వేలు తొమ్మిదిన్నర వేల దరిదాపుకు వస్తాయి. సంతోషమే. అయితే అది ఆరేళ్ల ధరల బాకీ తీర్చడం మాత్రమే. అంకెను మళ్లీ స్థిరంగా కట్టేస్తే ఇంకో ఆరేళ్లకు మళ్లీ ఇదే గోడు. కనీస వేతనంతో ముడి తిరిగి వేయడమే దీనికి పరిష్కారం.

ఇక ప్రభుత్వ నిధుల సంగతి. జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం 2016 ఆగస్టులో మొదలైంది. పది వేల కోట్ల రూపాయల వ్యయం, 2019-20 నాటికి 50 లక్షల మందికి శిక్షణ అని ప్రకటించారు. స్టైపెండులో నాలుగో వంతు, అదీ నెలకు 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరిస్తుంది. ఏడు వేల స్టైపెండులో నాలుగో వంతు 1,750 అవుతుంది, కానీ పరిమితి ఉంది కాబట్టి 1,500 దగ్గరే ఆగుతుంది. మొదట్లో యజమాని మొత్తం చెల్లించి, తరువాత కేంద్రం వాటాను తిరిగి రాబట్టుకునేవాడు. 2023 నుంచి ఆ 1,500 నేరుగా అప్రెంటిస్ బ్యాంకు ఖాతాలో పడుతోంది. పద్ధతిగా ఇది మంచి మార్పే, తప్పుడు లెక్కలకు చాలావరకు అడ్డుకట్ట పడుతుంది. అయితే డబ్బు ఎవరి ఖాతాలో పడిందన్నది ఒక ప్రశ్న, దానివల్ల ఎవరి భారం తగ్గిందన్నది మరో ప్రశ్న. కుర్రాడికి అందేది పథకం లేకపోయినా ఏడు వేలే, ఉన్నా ఏడు వేలే. తేడా యజమాని ఖర్చులోనే, అతని వాటా 5,500కు తగ్గింది. కుర్రాడి ఖాతాలో పడుతున్నా ఇది యజమానికి ఇచ్చే రాయితీయే.

యజమానికి రాయితీ ఇవ్వడం తప్పని నేను అనను. ఎవరికిస్తున్నాం, దాంతో ఏం సాధిస్తున్నాం అని అడుగుతున్నాను. 2025 మే నాటికి ఈ పథకం కింద చేరినవారు మొత్తం 43 లక్షలకు పైగా అని కేంద్రం చెప్పింది. అంటే 2020 నాటికి అనుకున్న 50 లక్షలు అయిదేళ్లు అదనంగా గడిచినా రాలేదు. అంతకన్నా నన్ను కలవరపెట్టిన అంకె వేరొకటి: వారిని చేర్చుకున్న సంస్థలు 51 వేల పైచిలుకు. మన దేశంలో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలు ఆరు కోట్లకు పైగా ఉన్నాయని 2015-16 జాతీయ నమూనా సర్వే చెప్పింది. వాటిలో కిరాణా కొట్లు, టీ దుకాణాలు తీసేసినా, పని నేర్పగల షెడ్లు, గ్యారేజీలు, ఫౌండ్రీలు, కుట్టుకేంద్రాలు లక్షల్లో ఉంటాయి. పథకం వాటి గడప తొక్కలేదు. 2022 నుంచి 2026 వరకు సాగే రెండో దశకు కేటాయింపు 1,942 కోట్లు. మొదట ప్రకటించిన పది వేల కోట్ల పక్కన ఈ అంకెను పెట్టి చూడండి.

మా దగ్గర చదివిన ఒక కుర్రాడి కథ చెబుతాను. తిరువూరు వైపు పల్లె నుంచి వచ్చాడు. తండ్రి లేడు, తల్లి మిరప చేలకు కూలికి వెళ్తుంది. ఆకురాయితో ఇనుమును అరగదీసే ఫైలింగ్ పనిలో అతని చేతి నాణ్యత చూసి పక్క ట్రేడు శిక్షకులు కూడా ఆగి చూసేవారు. విశాఖ దగ్గర ఒక కర్మాగారంలో అప్రెంటిస్‌గా చేరాడు. గాజువాకలో నలుగురు కలిసి ఒక గది తీసుకున్నారు. అద్దె, కరెంటు కలిపి తన వాటా రెండు వేల పైన. మెస్సుకు మూడు వేలు. ఫ్యాక్టరీకి రెండు బస్సులు మారాలి. సేఫ్టీ బూట్లు మొదటి జత తనే కొనుక్కోవాల్సి వచ్చింది. చేరేటప్పుడు గదికి అడ్వాన్సు కట్టడానికి తల్లి ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చింది. మొదటి నెల స్టైపెండు రెండో నెల చివరికి గానీ పడలేదు. నాలుగో నెలలో నాకు ఫోను చేశాడు. "సార్, పని బాగుంది, నేర్పుతున్నారు కూడా. కానీ అమ్మకు ఒక్క రూపాయి పంపలేకపోతున్నాను, అమ్మే నాకు పంపుతోంది" అన్నాడు. తరువాతి వారం మానేసి, బైకు మీద భోజనాలు చేరవేసే పనిలో చేరాడు. నెలకు ఖర్చులు పోను అప్రెంటిస్‌గా వచ్చినదానికి రెట్టింపు మిగులుతోందట.

అదే గదిలో ఉన్న మరో కుర్రాడు ఏడాదీ పూర్తిచేశాడు, అఖిల భారత ట్రేడ్ టెస్టు రాశాడు, జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. అతని చేతిపని మొదటివాడికి సరితూగేది కాదు. అతని తండ్రి ఆర్టీసీలో పనిచేస్తాడు, నెలనెలా మూడు వేలు పంపగలిగాడు. ఇద్దరి మధ్య తేడా అంతే. స్టైపెండు బతకడానికి చాలనప్పుడు అప్రెంటిస్‌ను ఎంపిక చేసేది మార్కులూ కాదు, చేతి నాణ్యతా కాదు, తండ్రి జీతం. ఎస్సీ, ఎస్టీ, బీసీ అభ్యర్థులకు ట్రేడుల్లో స్థానాలు కేటాయించాలని చట్టంలోనే ఉంది. కానీ కేటాయించిన స్థానంలోకి వచ్చి ఏడాదిపాటు నిలబడడానికి చేతిలో ఏమీ పెట్టకపోతే ఆ స్థానం ఖాళీగానో, మధ్యలో మానేసినవాడి పేరుతోనో మిగిలిపోతుంది.

పైగా అప్రెంటిస్ ఎటూ కానివాడు. చట్టం ప్రకారం అతను శిక్షణార్థి, కార్మికుడు కాడు. కాబట్టి ఈఎస్ఐ కార్డు లేదు, భవిష్య నిధి లేదు. పనిలో గాయపడితే పరిహారం బాధ్యత యజమానిదేనని చట్టం చెబుతుంది, అంతవరకు నయం. కానీ జ్వరం వస్తే మందుల ఖర్చు ఆ ఏడు వేలలోంచే. కాలేజీ రిజిస్టరులో పేరు లేదు కాబట్టి విద్యార్థుల వసతి భత్యాల్లాంటివి దొరకవు. ఆంధ్రప్రదేశ్‌లో కొన్నేళ్లపాటు నడిచిన వసతి దీవెన కింద ఐటీఐ విద్యార్థికి ఏడాదికి పది వేలు ఇచ్చేవారు. ఐటీఐ వర్క్‌షాపులో పని నేర్చుకుంటే భోజన ఖర్చు ప్రభుత్వానికి గుర్తొచ్చింది. అదే పనిని సొంత ఊరికి వందల కిలోమీటర్ల దూరంలోని ఫ్యాక్టరీలో నేర్చుకునేవాడికి ఆకలి వేయదా?

జర్మనీ పద్ధతిని మనవాళ్లు తరచూ ఉదాహరణగా చెబుతారు. అక్కడి కంపెనీలు, వృత్తి పాఠశాలలు కలిసి నేర్పే తీరు గురించి మన మంత్రిత్వ శాఖల పత్రాల్లోనూ కనిపిస్తుంది. కానీ అక్కడ ఇంకొక ఏర్పాటు ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. శిక్షణ దొరికిన చోటు దూరమై తల్లిదండ్రుల ఇంటి నుంచి రోజూ వెళ్లిరాలేని అప్రెంటిస్‌కు, కంపెనీ ఇచ్చే భత్యం చాలకపోతే, ఫెడరల్ ఉపాధి సంస్థ అద్దెకు, ప్రయాణానికి వేరుగా నెలనెలా సాయం చేస్తుంది. కుటుంబ ఆదాయం చూసి మొత్తం నిర్ణయిస్తారు. నేను అడిగేది సరిగ్గా ఇదే. పల్లె నుంచి వచ్చేవాడికి నెలకు మూడు, నాలుగు వేలు వసతి భత్యం, చేరిన రోజునే గది అడ్వాన్సుకు సరిపడా ఒకసారి ఇచ్చే మొత్తం. ఆ అడ్వాన్సు లేకే ఎంతమంది ఆగిపోతున్నారో వర్క్‌షాపులో కూర్చున్న నాకు తెలుసు, లెక్కలు రాసేవారికి తెలియదు.

దీనికి డబ్బెక్కడిది అని అడుగుతారు. ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం లెక్క చూస్తే ఆ అనుమానం తీరిపోతుంది. 2024 జులై బడ్జెట్లో ప్రకటించి, అదే ఏడాది అక్టోబరులో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. దేశంలోని అగ్రశ్రేణి 500 కంపెనీల్లో అయిదేళ్లలో కోటి మంది యువతకు అవకాశం అన్నారు. నెలకు 5,000 రూపాయలు, అందులో 4,500 ప్రభుత్వమే ఇస్తుంది, కంపెనీ ఇచ్చేది 500. చేరేటప్పుడు ఒకసారి 6,000 అదనం. ఆ పథకానికి 2025-26 బడ్జెట్లో 10,831 కోట్లు కేటాయించారు. అంటే దేశంలోకెల్లా సంపన్నమైన కంపెనీలో ఇంటర్న్‌గా కూర్చుంటే ప్రభుత్వం పదింట తొమ్మిది పాళ్లు భరిస్తుంది. పది మందితో నడిచే లేత్ షెడ్డులో అప్రెంటిస్‌గా నిలబడితే నాలుగో వంతు కూడా పూర్తిగా భరించదు. ఎవరికి సాయం ఎక్కువ కావాలో వారికి తక్కువ ఇచ్చే ఈ లెక్క తిరగబడాలి.

ఆ పథకం మొదటి విడతలో ఏం జరిగిందో కూడా చూడాలి. 82 వేలకు పైగా ఆఫర్లు ఇస్తే, 28 వేల మంది అంగీకరించారు. చేరినవారు సుమారు 8,700. చోటు దూరం కావడం, కాలం ఎక్కువ కావడం కారణాలుగా అభ్యర్థులు చెప్పారని ప్రభుత్వమే పార్లమెంటుకు తెలిపింది. నెలకు అయిదు వేలతో కొత్త నగరంలో బతకలేమని ఆ పిల్లలు చేతల్లో చెప్పారు. పథకం పేరు ఏదైనా, అద్దె అనే గుంతను పూడ్చకుండా ఎంత రోడ్డు వేసినా ప్రయాణం సాగదు.

ఆడపిల్లల విషయంలో ఒక మంచి మార్పు కళ్లారా చూస్తున్నాను, అది చెప్పకపోతే అన్యాయం. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. దానికీ నైపుణ్య శిక్షణకూ సంబంధం ఉందని ఏ ఉత్తర్వులోనూ రాయలేదు. కానీ ఎలక్ట్రీషియన్ ట్రేడులో చదివిన ఒక అమ్మాయిని ముప్పై కిలోమీటర్ల దూరంలోని సంస్థకు పంపడానికి ఆమె తండ్రి ఒప్పుకున్నది బస్సు ఖర్చు లేదన్న ధైర్యంతోనే. రోజూ ఇంటికి తిరిగొస్తుంది, బయట గది అక్కర్లేదు, ఇక అభ్యంతరం చెప్పడానికి ఆయనకు ఏమీ మిగల్లేదు. ఒక చిన్న ఖర్చు తీసేస్తే తలుపు ఎంత వెడల్పుగా తెరుచుకుంటుందో దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు. జాతీయ పథకంలో చేరినవారిలో మహిళలు 20 శాతం అని కేంద్రం లెక్క. ఆ సంఖ్య పెరగాలంటే పారిశ్రామికవాడల దగ్గర అప్రెంటిస్ అమ్మాయిల కోసం హాస్టళ్లు కట్టాలి. యజమానులు కట్టరు, వారిని కట్టమనడం వృథా. ప్రభుత్వమే కట్టాలి.

ఇప్పుడు చిన్న షెడ్ల దగ్గరకు వస్తాను, ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే. విజయవాడ ఆటోనగర్‌లో ఏ వీధిలోకి వెళ్లినా కళ్ల ముందు అప్రెంటిస్‌షిప్ జరుగుతూనే ఉంటుంది. లారీ కిందికి దూరిన మేస్త్రి చెయ్యి బయటికి చాపితే, అడగకముందే సరైన సైజు స్పానరు ఆ చేతిలో పెట్టే కుర్రాడు కనిపిస్తాడు. పదిలో తప్పి వచ్చుంటాడు. మొదటి ఏడాది టీలు తేవడం, డీజిలుతో విడిభాగాలు కడగడం. రెండో ఏడాది నట్లు విప్పడం. మూడో ఏటికి గేర్‌బాక్సు దించి, మళ్లీ ఎక్కించగలడు. వారానికి చేతిఖర్చు కింద ఏ కొంతో ఇస్తారు. ఒప్పందం లేదు, సర్టిఫికెట్ లేదు. పదేళ్ల తరువాత అద్భుతమైన మెకానిక్ అవుతాడు గానీ, రైల్వేలోనో ఆర్టీసీలోనో దరఖాస్తు పెట్టడానికి చేతిలో కాగితం ఉండదు. మన ఊళ్లలో వడ్రంగం, కమ్మరం, మగ్గం అన్నీ ఇలాగే చేతినుంచి చేతికి వచ్చాయి. దేశంలో పని నేర్చుకునేవారిలో అత్యధికులు ఇలా నేర్చుకుంటున్నవారే. వారి మీద అప్రెంటిస్‌షిప్ నిధుల్లోంచి ఒక్క రూపాయి ఖర్చు కాదు.

చట్టం వారిని కాదనలేదు. అయిదో తరగతి చదివినవారికి కూడా స్టైపెండు అంకె అందులో ఉంది. అడ్డు వచ్చేది సంస్థ పరిమాణం. ముప్పై మంది, అంతకు మించి ఉన్న సంస్థ అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. నాలుగు నుంచి ఇరవై తొమ్మిది మంది ఉంటే ఐచ్ఛికం. నలుగురికన్నా తక్కువుంటే ఈ లెక్కలోకే రాదు. ఆటోనగర్‌లో ఎన్నో షెడ్లు ఒక మేస్త్రి, ఇద్దరు కుర్రాళ్లతో నడుస్తాయి. నాకు తెలిసిన ఒక క్రాంక్‌షాఫ్ట్ గ్రైండింగ్ షెడ్డు యజమానికి అయిదుగురు పనివాళ్లు ఉన్నారు, అతనికి అర్హత ఉంది. మా పిల్లలిద్దరిని తీసుకోమని అడిగితే సరేనన్నాడు. పోర్టల్‌లో నమోదు చేయించడానికి నేనే పక్కన కూర్చున్నాను. సంస్థ వివరాలు, పత్రాలు, ట్రేడు ఎంపిక, ఒప్పందం, ప్రతి నెలా హాజరు, స్టైపెండు చెల్లింపు రుజువు. మధ్యలో బయట ఒక లారీ డ్రైవరు హారను కొడుతూనే ఉన్నాడు. చివరికి ఆయన అన్న మాట: "మాస్టారూ, పిల్లల్ని పంపండి, నేర్పుతాను. ఈ కంప్యూటర్ మాత్రం నావల్ల కాదు." పిల్లలు వెళ్లారు, నేర్చుకున్నారు. కాగితాల మీద వాళ్లు ఎప్పుడూ అప్రెంటిస్‌లు కాలేదు.

ఆ యజమానికి నెలకు పదిహేను వందలు పెద్ద ఆకర్షణ కాదు. అతనికి అసలు ఖర్చు మేస్త్రి సమయం. కొత్తవాడికి డయల్ గేజి పెట్టడం నేర్పుతూ మేస్త్రి అరగంట నిలబడితే ఆ అరగంట గ్రైండింగు ఆగుతుంది. కొత్తవాడు ఒక జర్నల్‌ను, అంటే క్రాంక్‌షాఫ్టులో బేరింగు కూర్చునే భాగాన్ని, పది మైక్రాన్లు ఎక్కువ గీస్తే ఖాతాదారుడి క్రాంక్‌షాఫ్టు పాడవుతుంది, దాని ఖరీదు యజమానే భరించాలి. పెద్ద ఫ్యాక్టరీలో శిక్షణ విభాగం వేరే ఉంటుంది, పాడు చేయడానికి వేరే ముక్కలుంటాయి. చిన్న షెడ్డులో ప్రతి ముక్కా ఎవరిదో ఒకరిదే. అందుకే ముప్పై మందికన్నా తక్కువున్న సంస్థల్లో స్టైపెండు మొత్తం ప్రభుత్వమే ఇవ్వాలి, నేర్పే మేస్త్రికి నెలకు కొంత గౌరవ వేతనం కూడా ఇవ్వాలి. ఇంగ్లండులో 2017 నుంచి పెద్ద కంపెనీల జీతాల బిల్లు మీద అర శాతం అప్రెంటిస్‌షిప్ లెవీ అనే సుంకం వసూలు చేస్తున్నారు. చిన్న సంస్థల్లో చేరే యువ అప్రెంటిస్‌ల శిక్షణ ఖర్చు ప్రభుత్వమే పూర్తిగా భరిస్తోంది. లెవీ విషయంలో అక్కడా విమర్శలున్నాయి, కానీ పెద్దవాడి నుంచి తీసుకుని చిన్నవాడికి ఇవ్వాలన్న దిశ సరైనది.

కాగితాల పని సంగతికి మన చట్టంలోనే దారి ఉంది. కొందరు యజమానులు కలిసి, తమ తమ సంస్థల మధ్య అప్రెంటిస్‌లను మారుస్తూ ఉమ్మడిగా శిక్షణ ఇవ్వవచ్చని చట్టం అంటుంది. ఆటోనగర్‌కు ఇంతకన్నా సరిపోయే ఏర్పాటు ఏముంటుంది? మూడు నెలలు ఇంజిను షెడ్డులో, మూడు నెలలు గేర్‌బాక్సు మేస్త్రి దగ్గర, మరో మూడు నెలలు ఎలక్ట్రికల్ పనిలో. అసోసియేషన్ ఆఫీసులో ఒక గుమస్తాను ప్రభుత్వ ఖర్చుతో కూర్చోబెట్టి, అన్ని షెడ్ల నమోదు, హాజరు, చెల్లింపులు అతనికే అప్పగించాలి. బాలానగర్‌కైనా, గాజువాక ఆటోనగర్‌కైనా ఇదే వర్తిస్తుంది. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను 2,324 కోట్లతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్నారు, రోబోలు, కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ యంత్రాలు వస్తున్నాయి. అవన్నీ రావాల్సినవే. ఆ ఖర్చులో చిన్న భాగంతో ఊరికొక గుమస్తా కూడా రావాలి.

పెద్ద సంస్థలను వదిలేయమనడం లేదు. కొన్నిచోట్ల అప్రెంటిస్ అంటే ఏడాదికోసారి మారే చవక కార్మికుడు. ఒకే యంత్రం ముందు ఒకే బటను నొక్కిస్తారు, గడువు తీరగానే పంపేసి కొత్త బ్యాచిని తెస్తారు. మొత్తం సిబ్బందిలో రెండున్నర నుంచి పదిహేను శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవచ్చు, కాంట్రాక్టు కార్మికులను కూడా ఆ సిబ్బంది లెక్కలో కలుపుతారు. పదిహేను శాతం వైపు మొగ్గే సంస్థల్లో ఎంతమంది ట్రేడ్ టెస్టు పాసయ్యారు, ఎంతమందిని ఉద్యోగంలోకి తీసుకున్నారు అన్న లెక్క బయటపెట్టాకే ప్రభుత్వ వాటా విడుదల చేయాలి. ఉద్యోగం ఇవ్వాల్సిన బాధ్యత యజమానికి లేదని చట్టం మొదటినుంచీ అంటూ వచ్చింది. 2014 సవరణ తరువాత మాత్రం, శిక్షణ పూర్తిచేసినవారిని తీసుకోవడంపై ప్రతి సంస్థా తన విధానం రూపొందించుకోవాలి. ఉత్తరప్రదేశ్ ఆర్టీసీ కేసులో 1995లోనే సుప్రీంకోర్టు, మిగతా అర్హతలు సమానంగా ఉంటే శిక్షణ పొందిన అప్రెంటిస్‌కే ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. రైల్వేలు లెవెల్-1 (అన్నిటికన్నా కింది స్థాయి) ఖాళీల్లో 20 శాతం అప్రెంటిస్‌షిప్ పూర్తిచేసినవారికి కేటాయిస్తున్నాయి. సికింద్రాబాద్ వైపు పిల్లలు దక్షిణ మధ్య రైల్వే నోటిఫికేషన్ కోసం అంతగా ఎదురుచూసేది అందుకే. ప్రభుత్వ డబ్బు తీసుకునే ప్రైవేటు సంస్థ కూడా ఎంతో కొంత శాతం మాట ఇవ్వాలని షరతు పెట్టడంలో అన్యాయం ఏమీ లేదు.

ఈ ఏడాది పాసై బయటికి వస్తున్న పిల్లలకూ, వారి తల్లిదండ్రులకూ కొన్ని మాటలు. చేరిన వెంటనే ఒప్పందం అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో నమోదైందో లేదో మీ ఫోనులోనే చూసుకోండి. డిప్లొమా, డిగ్రీ వారికి పోర్టల్ వేరు, విద్యాశాఖ నడిపే నాట్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం)లో చూడండి. నమోదు కాకపోతే మీరు అప్రెంటిస్ కారు, మీకు ట్రేడ్ టెస్టు లేదు. ప్రభుత్వ వాటా పడేది మీ ఖాతాలోనే కాబట్టి బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం ముందే చేయించుకోండి. స్టైపెండు మరుసటి నెల పదో తేదీలోగా చెల్లించాలన్నది నిబంధన. ఎన్ని ముక్కలు చేస్తే అంత డబ్బు అనే లెక్క అప్రెంటిస్‌కు పెట్టకూడదు. ఈ చట్టం అమలు చూసే ప్రభుత్వ అధికారి, అంటే అప్రెంటిస్‌షిప్ సలహాదారు, అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు. ఈ నిబంధనలు పాటించకపోతే ఆ సలహాదారుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. ఆయన ఎవరో, ఎక్కడుంటారో తెలియకపోతే మీ జిల్లాలోని ప్రభుత్వ ఐటీఐకి వెళ్లి అడగండి. చెప్పడం మా పని.